ఈఎంఐ 4,120, కోతలు 4,540: ఇందులో ఎంత వెనక్కి వస్తుంది?

పేరు వద్దన్న ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాసారు, స్టేట్‌మెంట్ ఫొటోలు కూడా జతచేసారు. క్లుప్తంగా సంగతి ఇదీ. పాత ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ప్రైవేటు బ్యాంకులో శాలరీ అకౌంటు ఉండేది, బండి లోన్ ఈఎంఐ 4,120 రూపాయలు ప్రతి నెలా 5వ తారీఖున అందులోంచే ఆటో డెబిట్ అయ్యేది. ఉద్యోగం మారాక జీతం వేరే బ్యాంకులో పడుతోంది, ఈవిడేమో నెలనెలా 3నో 4నో ఒక 4,200 పాత అకౌంట్లోకి యూపీఐ చేస్తూ వచ్చారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. పోయిన నెల 4వ తారీఖు శనివారం ఎప్పట్లాగే 4,200 వేసారు, అంతకుముందున్న 60తో కలిపి 4,260 అయింది. ఆ రాత్రే మినిమం బ్యాలెన్స్ లేదని బ్యాంకు 590 కోసేసింది, మిగిలింది 3,670. ఆదివారం పొద్దున మెసేజ్ చూసుకుని, ఇవాళ బ్యాంకు సెలవే కదా రేపు వేద్దాంలే అనుకున్నారట, ఈలోపే ఈఎంఐ బౌన్స్. దానికో 590. ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు చెప్పాపెట్టకుండా 8న ఒకసారి, 12న ఒకసారి మళ్ళీ ప్రెజెంట్ చేసారు, అంటే అకౌంట్లోంచి ఈఎంఐ లాగడానికి మళ్ళీ ప్రయత్నించారు, ఇంకో రెండు 590లు. ఈవిడ భయపడిపోయి 13న కొత్త అకౌంట్ నుంచి కంపెనీ లింకు ద్వారా ఈఎంఐ కట్టేసి, పాత అకౌంట్లో మిగిలిన 1,900 కూడా ఖాళీ చేసేసారు. ఈ నెల 3న చూస్తే అకౌంట్ మైనస్ 590, మళ్ళీ మినిమం బ్యాలెన్స్ చార్జీ. 4న 4,200 వేస్తే అందులోంచి ఆ 590 పోయి 3,610 మిగిలింది, 5న మళ్ళీ బౌన్స్, ఇంకో 590. ఇప్పుడు బ్యాలెన్స్ 3,020, ఈ నెల ఈఎంఐ ఇంకా కట్టలేదు. కంపెనీ వాళ్ళ యాప్‌లో వేరేగా నెలకో 500 చొప్పున బౌన్స్ చార్జీ చూపిస్తోంది. బ్యాంకుకెళితే కౌంటర్లో "సిస్టమ్ కట్ చేస్తుందండీ, మా చేతుల్లో ఏం లేదు" అన్నారట. అన్నయ్యేమో బ్యాంకుతో పెట్టుకోకు, అకౌంట్ మూసేయ్ అంటున్నారు. రికవరీ కుర్రాడు కేసు పెడతామన్నాడు. వాళ్ళాయనకి ఇంకా చెప్పలేదట. డబ్బులు వెనక్కొస్తాయా, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తున్నామో చూసి ఇచ్చే మార్కు) పోతుందా, అకౌంట్ మూసేయనా, అని అడుగుతున్నారు.

చూడమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ నెల ఈఎంఐ సంగతి. అకౌంట్లో 3,020 ఉంది, కంపెనీ వాళ్ళకి పోయిన నెల అలవాటు చూస్తే మళ్ళీ ప్రెజెంట్ చేస్తారు, చేస్తే ఇంకో 590. మీ ముందు రెండు దార్లున్నాయి. ఒకటి, ఇవాళే ఇంకో 1,200 పాత అకౌంట్లో వేసి ఉంచడం. ఇందులో తలనొప్పి ఏంటంటే ఈలోపు బ్యాంకు ఇంకేదైనా చార్జీ కోస్తే మళ్ళీ తక్కువ పడిపోతుంది. రెండోది పోయిన నెలలాగే కంపెనీకి నేరుగా కట్టేసి, ఈ నెలది కట్టేసాను, ఆటో డెబిట్ మళ్ళీ ప్రెజెంట్ చెయ్యొద్దు అని కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి రసీదు దాచుకోవడం. నేనైతే రెండోదే చేస్తాను, ఎందుకంటే మెయిల్ పెట్టాక కూడా ప్రెజెంట్ చేసారంటే ఆ 590 బాధ్యత వాళ్ళ మీదకి వెళ్తుంది, మీ దగ్గర కాయితం ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఉత్తరంలో "మొత్తం 4,540 వెనక్కి కావాలి" అని రాసారు. బ్యాంకు కౌంటర్లో కూడా అలాగే అడిగుంటారు. అక్కడే పని చెడింది. అది ఒక్క మొత్తం కాదు, ఎనిమిది వేర్వేరు కోతలు (బ్యాంకువి ఆరు 590లు, కంపెనీవి రెండు 500లు), వాటిలో కొన్ని బ్యాంకు రూల్ తప్పి తీసుకున్నట్టు కనిపిస్తున్నవి, కొన్ని రూల్ ప్రకారం తీసుకున్నా అడిగితే వదిలేసేవి, కొన్ని అసలు బ్యాంకువే కావు. హక్కుగా అడగాల్సిన చోట బతిమాలితే లోకువ, బతిమాలాల్సిన చోట హక్కు అంటే ఎదుటివాడు బిగుసుకుపోతాడు. నేను చాలా ఏళ్ళు కౌంటర్‌కి అటువైపు కూర్చున్నదాన్నే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, అన్నీ కలిపి ఒక కుప్పగా అడిగినవాళ్ళకి అన్నీ కలిపి "లేదు" అనే వస్తుంది, ఎందుకంటే ఆ కుప్పలో ఒక్కటి సరైన చార్జీ కనిపించినా చాలు అవతలివాళ్ళకి.

మీ కేసులో అన్నిటికంటే బలమైనది ఈ నెలది. మినిమం బ్యాలెన్స్ చార్జీ మీద ఆర్బీఐ 2014 నవంబరులో బ్యాంకులకి ఆదేశాలు ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. అందులో ఒక మాట స్పష్టంగా ఉంది: కేవలం మినిమం బ్యాలెన్స్ లేదన్న చార్జీ వల్ల సేవింగ్స్ అకౌంటు మైనస్‌లోకి వెళ్ళకూడదు. మీది సున్నా దగ్గర్నుంచి మైనస్ 590కి వెళ్ళింది, స్టేట్‌మెంట్లో ఆ లైను ఉంది. ఇక దీనికి మీ వాదన కూడా అక్కర్లేదు, ఆ లైను చాలు. ఇంకా చూడండి, ఆ మైనస్ లేకపోతే 4న మీరు వేసిన 4,200 అలాగే ఉండేది, 4,120 ఈఎంఐ నిక్షేపంగా పోయేది. అంటే ఈ నెల బౌన్స్ కూడా ఆ కోత వల్లే అయింది. కాబట్టి ఈ నెల రెండు 590లు, 1,180 రూపాయలు, ఇవి దబాయించి అడగాల్సినవి. ఒక జాగ్రత్త, కొన్ని బ్యాంకులు అకౌంట్‌ని మైనస్ చూపించకుండా లీన్ అనో హోల్డ్ అనో పెట్టి డబ్బు పడగానే లాగేసుకుంటాయి, అప్పుడు వాదన కాస్త సాగదీయాల్సొస్తుంది. మీరు పంపిన ఫొటోలో మాత్రం బ్యాలెన్స్ గడిలోనే మైనస్ ఉంది, ఆ పీడీఎఫ్ ఇవాళే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, యాప్‌లో స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకండి.

బలంలో దీని తర్వాతది పోయిన నెల మొదట కోసిన 590. ఇది కాస్త వెతుక్కోవాలి. అవే ఆదేశాల్లో ఇంకో నిబంధన ఉంది, బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు ముందు కస్టమర్‌కి ఎస్సెమ్మెస్సో మెయిలో ఉత్తరమో పంపి, ఫలానా గడువులోపు సరిచెయ్యకపోతే చార్జీ పడుతుంది అని చెప్పాలి, ఆ గడువు కనీసం ఒక నెల ఉండాలి. మీకు శాలరీ అకౌంటు కాబట్టి ఇన్నాళ్ళూ మినిమం బ్యాలెన్స్ గొడవే లేదు, జీతం పడడం ఆగిపోయిన కొన్ని నెలలకి బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ కింద మార్చేసింది, అప్పట్నుంచి నెలసరి సగటు 10,000 ఉండాలన్న షరతు మీద పడింది. ఇది దాదాపు అన్ని బ్యాంకులూ చేసేదే, మార్చడం తప్పు కాదు, చెప్పకుండా కొయ్యడం తప్పు. మీకు మెసేజ్ రాలేదంటున్నారు. సరే, కానీ ఒక్కసారి నిజాయితీగా వెతకండి, ఫోన్లో ప్రమోషన్స్ అని వేరే ఫోల్డర్లోకి పోయే మెసేజ్‌లు, మెయిల్లో స్పామ్, అన్నిటికంటే ముఖ్యంగా పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ ఐడీ బ్యాంకులో ఉండిపోయిందేమో చూడండి. వాళ్ళు దానికి పంపి ఉంటే, మీరు మార్పించుకోలేదు కాబట్టి ఈ వాదన బాగా పలచబడుతుంది. అస్సలు రాలేదని తేలితే మటుకు మీ చేతిలో చాలా మంచి పాయింట్ ఉన్నట్టే, ఎందుకంటే ఆ 590 తియ్యకపోతే 4,260లోంచి ఈఎంఐ పోయేది, అంటే 5వ తారీఖు బౌన్స్ కూడా దాని ఖాతాలోకే వస్తుంది. ఇక్కడో 1,180.

మినిమం బ్యాలెన్స్ చార్జీ ఎంత తక్కువైందో దానికి తగ్గట్టు శాతంగా ఉండాలి, ఫ్లాట్‌గా కొయ్యకూడదు అని కూడా ఆర్బీఐ చెప్పింది, ఇంటర్నెట్‌లో చాలామంది ఇదే పట్టుకుని రాయమంటారు. మీ విషయంలో దాన్ని ఎత్తకండి. మీకు తక్కువైంది దాదాపు మొత్తం పదివేలూ, శాతం లెక్కేసినా అక్కడికే వచ్చేట్టుంది, బలం లేని పాయింట్ కలిపితే బలమున్న పాయింట్ కూడా చులకనైపోతుంది.

ఇక 8న, 12న అయిన రెండు బౌన్సులు. ఇక్కడ మిమ్మల్ని కొంచెం నొప్పించక తప్పదు. 5న బౌన్స్ అయిందని మీకు తెలుసు, అయినా వారం రోజులు తక్కువైన 1,040 రూపాయలు వెయ్యలేదు. భయంలో బుర్ర పనిచెయ్యలేదు అని రాసారు, అర్థమైంది, కానీ బ్యాంకు ఆ వాదన వినదు. వీటిని హక్కుగా కాకుండా మనవిగా అడగాలి. బ్రాంచి మేనేజరుకి కొంత చార్జీ రివర్స్ చేసే వెసులుబాటు చాలా బ్యాంకుల్లో ఉంటుంది, కౌంటర్లో పిల్లకి ఉండదు, ఆ అమ్మాయి "మా చేతుల్లో లేదు" అన్నది తన వరకు నిజమే. ఇన్నేళ్ళుగా ఒక్క బౌన్సు లేని అకౌంటు, మొదటిసారి ఇలా అయింది, ఒకే ఈఎంఐకి మూడుసార్లు పడింది, ఈ ఒక్కసారికి చూడండి, అని మేనేజరునే కలిసి అడగండి. వెళ్ళేముందు బ్యాంకు వెబ్‌సైట్లో షెడ్యూల్ ఆఫ్ చార్జెస్ (చార్జీల పట్టిక) తీసి చదవండి, కొన్ని బ్యాంకులు ఒకే మ్యాండేట్ (ఆటో డెబిట్‌కి మీరిచ్చిన అనుమతి) మీద నెలలో ఇన్నిసార్లకి మించి వసూలు చెయ్యం అని అందులోనే రాసుకుంటాయి. మీ బ్యాంకు పరిమితి మూడు లోపే ఉంటే మనవి కాస్తా హక్కయిపోతుంది.

ఆదివారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మీలాంటివాళ్ళు చాలామంది దీంట్లోనే పడుతున్నారు. ఒకప్పుడు ఆదివారం ఈఎంఐ అంటే సోమవారం పోయేది. 2021 ఆగస్టు 1 నుంచి ఈ ఆటో డెబిట్ వ్యవస్థ వారంలో ఏడు రోజులూ, సెలవుల్లో కూడా నడుస్తోంది. పైగా డెబిట్లు చాలావరకు పొద్దున్నే వచ్చి పడతాయి, మధ్యాహ్నం జీతం పడగానే వేద్దాంలే అంటే కుదరదు. 5వ తారీఖు ఈఎంఐ అంటే 4వ తారీఖు రాత్రికి డబ్బు ఉండాలి, అది కూడా ఓ వెయ్యి ఎక్కువగా.

ఫైనాన్స్ కంపెనీ వేసిన 500లు రెండూ బ్యాంకుని అడిగి లాభం లేదు, అది వేరే సంస్థ, వేరే ఉత్తరం. వాళ్ళకి రెండు సంగతులు రాయండి. బ్యాంకు తప్పుగా చార్జీ కొయ్యడం వల్ల బౌన్స్ అయింది, బ్యాంకుకి కంప్లైంట్ చేసాను, నంబరు ఇదీ, కాబట్టి మీ బౌన్స్ చార్జీ కూడా తీసెయ్యండి అని. ఒక్కోసారి తీసేస్తారు, ముఖ్యంగా ఈఎంఐలు అన్నీ సరిగ్గా కట్టినవాళ్ళకి. రెండోది, ఆలస్యానికి పీనల్ చార్జీ ఏమైనా వేసారా, వేస్తే దాని మీద మళ్ళీ వడ్డీ లెక్కేసారా అని లోన్ స్టేట్‌మెంట్ అడగండి. 2023 ఆగస్టులో ఆర్బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం పీనల్ చార్జీని అసలులో కలిపి దానిమీద వడ్డీ వెయ్యకూడదు. ఆ పీనల్ చార్జీ మీద జీఎస్టీ కూడా లేదని 2025 జనవరిలో పన్నుల శాఖే స్పష్టత ఇచ్చింది.

బ్యాంకుకి కంప్లైంట్ ఎలా రాయాలంటే, కథ రాయకండి. మీరు నాకు రాసినంత వివరంగా రాస్తే అవతల మనిషి రెండో పేరా దాటడు. తారీఖు, కోత, ఆ కోతకి ముందు బ్యాలెన్స్, తర్వాత బ్యాలెన్స్, అంతే వరసగా. కింద మూడు ముక్కలు: ఈ నెల చార్జీ వల్ల అకౌంట్ మైనస్ అయింది, ఇది ఆర్బీఐ ఆదేశాలకి విరుద్ధం, ఆ చార్జీ, దానివల్ల వచ్చిన బౌన్స్ చార్జీ జీఎస్టీతో సహా రివర్స్ చెయ్యండి. పోయిన నెల చార్జీకి ముందు మీరు నాకు నెల గడువుతో పంపిన నోటీసు ఏ తారీఖున ఏ నంబరుకి ఏ మెయిల్‌కి పంపారో చూపించండి, లేకపోతే అదీ దాని వెనక బౌన్సూ రివర్స్ చెయ్యండి. మిగతా రెండు బౌన్సుల విషయంలో దయచేసి పరిశీలించండి. ఈ మూడోది వేరే కాయితం మీద రాసి మేనేజరుకి ఇచ్చినా మంచిదే. బ్రాంచిలో ఇస్తే కాపీ మీద సీలు, సంతకం వేయించుకోండి, మెయిల్లో పంపితే కంప్లైంట్ నంబరు వచ్చేదాకా వదలకండి. నోటితో చెప్పింది ఎవరి లెక్కలోకీ రాదు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరకి వెళ్ళొచ్చు. ఆర్బీఐ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, లాయరు అక్కర్లేదు, అనుమానాలుంటే 14448కి ఫోన్ చెయ్యొచ్చు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వకుండా నేరుగా వెళితే తిప్పి పంపేస్తారు, ఇది గుర్తుంచుకోండి. ఇంకోటి, అక్కడ సేవాలోపం ఉంటేనే వింటారు, ఇది బ్యాంకు తన వ్యాపార నిర్ణయం అన్నదాంట్లో వాళ్ళు వేలు పెట్టరు. అందుకే ఈ నెల 1,180, పోయిన నెల 1,180 వరకే అక్కడికి తీసుకెళ్ళండి, మేనేజరు దయతలచి ఇవ్వాల్సిన రెండు 590లు అక్కడ కూడా కలిపారంటే మొత్తం ఫైలే పలచనైపోతుంది. ఫైనాన్స్ కంపెనీ కూడా ఆర్బీఐ దగ్గర నమోదైన పెద్ద సంస్థే అయితే వాళ్ళమీద కూడా ఇదే పోర్టల్.

అకౌంట్ మూసెయ్యమని మీ అన్నయ్య చెప్పింది తప్పేం కాదు గానీ, ఇప్పుడే కాదు. మ్యాండేట్ ఇంకా ఆ అకౌంట్ మీదే ఉంది, మూసేస్తే వచ్చే నెల ఈఎంఐ మళ్ళీ తిరిగొస్తుంది. పైగా మూసేటప్పుడు బకాయి చార్జీలన్నీ కట్టమంటారు, కట్టేసాక అవి అడిగి వెనక్కి తెచ్చుకోవడం ఇంకా పెద్ద పని. ముందు కంపెనీకి చెప్పి ఆటో డెబిట్ కొత్త బ్యాంకుకి మార్పించండి, దీనికి కొన్ని కంపెనీలు చిన్న ఫీజు తీసుకుంటాయి, రోజులు కూడా పడుతుంది, కొత్తదాంట్లోంచి ఒక ఈఎంఐ పోయినట్టు కళ్ళారా చూసాక, కంప్లైంట్ తేలాక మూసుకోండి. వీలైతే అదే ఊపులో ఈఎంఐ తారీఖు జీతం పడ్డాక వచ్చేలా మార్చమని అడగండి. మూసెయ్యడం ఇష్టం లేకపోతే బేసిక్ సేవింగ్స్ అకౌంట్ కింద మార్చమని రాసివ్వొచ్చు, దానికి మినిమం బ్యాలెన్స్ ఉండదు, కాకపోతే నెలకి విత్‌డ్రాయల్స్ లాంటివాటి మీద పరిమితులుంటాయి, బౌన్స్ చార్జీ మాత్రం దానికీ తప్పదు. కొత్తగా ఎక్కడైనా తెరవాలనుకుంటే, స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే ఈ మినిమం బ్యాలెన్స్ చార్జీ తీసేసింది, 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు కూడా తీసేసాయి.

సిబిల్ గురించి మరీ అంత కంగారు వద్దు. మినిమం బ్యాలెన్స్ చార్జీ అప్పు కాదు, అది అక్కడికి వెళ్ళదు. బౌన్స్ అయిందన్నది కాదు, ఈఎంఐ ఎన్ని రోజులు ఆలస్యమైందన్నది వెళ్తుంది. పోయిన నెల 8 రోజులు. 2025 జనవరి నుంచి లోన్ ఇచ్చినవాళ్ళు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి ఈ నెలది సాగదీయకండి, అంతే. క్రెడిట్ రిపోర్ట్ ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి, వచ్చే నెలాఖరుకి తీసి చూసుకోండి.

కేసు పెడతామన్న కుర్రాడి మాట పూర్తిగా గాలి మాట కాదు. ఆటో డెబిట్ డబ్బు లేక తిరిగొస్తే చెక్ బౌన్స్‌లాగే చర్యకి వీలుంది, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్. కానీ దానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అందాక 15 రోజుల్లో మీరు కట్టకపోతేనే ముందుకెళ్తుంది. పోయిన నెలది మీరు 13నే కట్టేసారు, ఈ నెలది ఇవాళ కడతారు, ఇక కేసెక్కడిది? ఆ కుర్రాడు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, ఇంట్లోవాళ్ళనీ, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ళనీ వేధించకూడదు, ఆర్బీఐ రూలే. చేస్తే కాల్ టైముతో సహా రాసి పెట్టుకోండి.

మీ ఆయనకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇల్లు మీకు తెలుసు. చెప్పకుండా నెట్టుకురావొచ్చు, కానీ లోన్ ఫారంలో రిఫరెన్స్ కింద ఆయన నంబరే ఉందని మీరే రాసారు, రూల్ ఉన్నా ఆ ఫోన్ రాదని నేను పూచీ పడలేను, ఆ కుర్రాడి నోటినుంచి వినడం కంటే మీరు స్టేట్‌మెంట్ మీద ఏ కోత ఎవరిదో గీతలు గీసి, కంప్లైంట్ నంబరు పక్కన రాసి చూపించడం నయం అని నా ఉద్దేశం. ఇవాళ ఈఎంఐ కట్టేసి, రేపు బ్యాంకులో కాయితం ఇచ్చి, ఆ సాయంత్రం చెప్పినా పెద్ద ఆలస్యమేం కాదు.

ఒకటి మర్చిపోయేదాన్ని. రివర్స్ చేసామని మెసేజ్ వచ్చాక స్టేట్‌మెంట్ తెరిచి ఎంత పడిందో చూసుకోండి. 590లో 500 చార్జీ, 90 జీఎస్టీ, ఒక్కోసారి 500 వేసి ఊరుకుంటారు. నాలుగు చార్జీలకి నాలుగు తొంభైలు, 360 రూపాయలు, అది కూడా మీదే, అదే కంప్లైంట్ నంబరు మీద మళ్ళీ అడగండి.